రిజిస్టరులో రాయని అమ్మ

1930లలో లండన్‌లో మెర్ల్ ఒబెరాన్ అనే సినిమా తార ఇంటికి వెళ్లిన అతిథులకు నల్లటి ఒంటి ఛాయ గల ఒక పెద్దావిడ కనిపించేది. పనిమనిషి కాబోలు అనుకునేవారు. వాళ్లు అలా అనుకోవాలనే ఆ ఇంటివాళ్లు కూడా కోరుకున్నారు. ఆవిడ పేరు షార్లట్. మెర్ల్‌ను పెంచి పెద్ద చేసిన తల్లి. 1937లో ఆవిడ పోయింది. పన్నెండేళ్ల తరవాత మెర్ల్ ఒక పాత ఫొటోను చిత్రకారుడి చేతికిచ్చి తల్లి బొమ్మ గీయించుకుంది. ఆ బొమ్మలో షార్లట్ ఒంటి రంగు బాగా తేలిపోయింది.

కథ ఇంతే అయితే అది ఒక్క రహస్యమే. దాని అడుగున ఇంకొకటి ఉంది. షార్లట్ నిజానికి తల్లి కాదు, అమ్మమ్మ. కన్నది షార్లట్ కూతురు కాన్‌స్టెన్స్, తనే ఇంకా పసిపిల్లగా ఉన్న వయసులో. పరువు కోసం అమ్మమ్మ అమ్మ అయింది, అమ్మ అక్క అయింది. ఇలాంటి సర్దుబాట్లు మన ఊళ్లలోనూ జరిగే ఉంటాయి. కాని ఇక్కడ పరువుకు తోడు ఒంటి రంగు కూడా చేరింది.

1911లో బొంబాయిలో పుట్టిన ఈ అమ్మాయిని సినిమా ప్రచారం టాస్మేనియాలో పుట్టిన పిల్లగా లోకానికి పరిచయం చేసింది. ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న ద్వీపం అది. వెళ్లి వాకబు చేయడానికి వీలులేనంత దూరం, పుట్టుకను శంకించడానికి వీలులేనంత తెల్లవాళ్ల ఊరు. ఆ అబద్ధం నలభై ఏళ్లకు పైగా నిలబడింది. 1935 నాటి సినిమాకు ఆమె ఉత్తమ నటి విభాగంలో ఆస్కార్ నామినేషన్ అందుకుంది. 2023లో మిషెల్ యో అదే విభాగంలో గెలిచినప్పుడు, ఆ వరసలో మొదటి ఆసియా మహిళ ఎవరనే తర్కం లేచి, చనిపోయి నాలుగు దశాబ్దాలు దాటిన మెర్ల్ పేరు మళ్లీ పత్రికలకెక్కింది. 1978లో టాస్మేనియా రాజధాని హోబర్ట్ ఆమెను తమ ఆడపడుచుగా భావించి పౌరసన్మానం చేసింది. తనది కాని పుట్టింట్లో సారె పుచ్చుకున్నట్టు. మరుసటి ఏడాదే ఆమె కన్నుమూసింది.

ఆమెను అబద్ధాలకోరు అనడం తేలిక. అయితే అమెరికా 1917 వలస చట్టం భారతదేశం సహా ఆసియాలో చాలా భాగం నుంచి రాకకు తలుపులు మూసింది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు భారతీయులు ‘తెల్లవారు’ కారని, కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని తేల్చింది. తెరపై తెల్లవారికీ నల్లవారికీ మధ్య ప్రేమ చూపరాదని హాలీవుడ్ తన నియమావళిలో రాసుకుంది. నిజం చెబితే పోయేది పరువొక్కటే కాదు, పని కూడా. రహస్యాన్ని దాచిన మనిషిని నిలదీసే ముందు, దాచక తప్పని స్థితి ఎవరు తెచ్చారని అడగడం న్యాయం. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే హాలీవుడ్ దాటి, లండన్ దాటి, చివరికి మద్రాసు కోట దగ్గర తేలుతాం.

వరహా ఇచ్చిన చేతితోనే

1687లో ఈస్ట్ ఇండియా కంపెనీ డైరెక్టర్లు మద్రాసులోని సెయింట్ జార్జి కోటకు ఒక ఉత్తరం రాశారు. కోటలోని సిపాయిలు ఇక్కడి స్త్రీలను పెళ్లాడటాన్ని ప్రోత్సహించండి, అలా పుట్టిన బిడ్డకు బాప్తిస్మం ఇచ్చిన రోజున తల్లి చేతిలో ఒక వరహా పెట్టండి అన్నది దాని సారాంశం. ఇందులో ఉదారత వెతకనక్కర్లేదు. ఇంగ్లండు నుంచి మనుషులను ఓడల్లో తెచ్చుకోవడం ఖర్చు. వచ్చినవాళ్లు జబ్బులకు రాలిపోతున్నారు. ఇక్కడే పుట్టి, ఇక్కడి ఎండకు అలవాటుపడి, తమ మతంలోనే పెరిగే సైన్యం కావాలి. ఆ లెక్కలో తల్లికి ఒక వరహా విలువ ఉంది.

దాదాపు నూరేళ్లకు లెక్క తిరగబడింది. 1786లో, సైనికాధికారులకు పుట్టిన కలకత్తా అనాథ పిల్లలను చదువు కోసం ఇంగ్లండుకు పంపకూడదని ఆజ్ఞ వచ్చింది. 1791లో, తల్లిదండ్రుల్లో ఒకరు భారతీయులైనవారికి కంపెనీ సివిల్, సైనిక, నౌకా కొలువుల తలుపులు మూసేశారు. 1795లో, తల్లీ తండ్రీ ఇద్దరూ యూరోపియన్లు కానివాళ్లు సైన్యంలో ఉండాలంటే డప్పులు కొట్టడం, పిల్లనగ్రోవులు ఊదడం, గుర్రాలకు లాడాలు వేయడం లాంటి పనులకే పరిమితం కావాలన్నారు. రాజపుత్ర తల్లికి, స్కాట్లండు తండ్రికి పుట్టిన జేమ్స్ స్కిన్నర్ ఇలాగే కంపెనీ సైన్యంలో చోటు దొరక్క మరాఠాల కొలువులో చేరాడు. 1803లో అదే కంపెనీకి అతని గుర్రపు దళం అవసరమైంది. ఆ దళం పేరు ఇప్పటికీ భారత సైన్యంలో ఉంది.

ఎందుకు మారింది? ఒక కారణం నేలబారుది. కంపెనీ ఉద్యోగాలు డబ్బు కురిపిస్తున్నాయి, వాటిని పంచే అధికారం డైరెక్టర్లది, వాళ్లకు తమ్ముళ్లూ మేనల్లుళ్లూ ఉన్నారు. రెండోది భయం. పరదేశంలో పుట్టి పెరిగిన సొంత సంతానమే ఎదురు తిరిగితే ఏమవుతుందో అమెరికాలో చూశారు. అక్కడ యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన కార్న్‌వాలిసే ఇక్కడ గవర్నర్ జనరల్‌గా దిగాడు. 1791లోనే కరీబియన్‌లోని ఫ్రెంచి వలస సెయింట్ డొమింగ్‌లో తిరుగుబాటు లేచింది. మిశ్రమ సంతానం అంటే రేపటి తిరుగుబాటుదారు అన్న అనుమానం బలపడింది.

ఇక ఒక కంపెనీ ఉద్యోగి స్థానంలో ఉండి ఆలోచించండి. ఇంట్లో ఇక్కడి భార్యో, సహచరో ఉంది. పిల్లలున్నారు. తల్లి పేరు కాగితం మీద ఉంటే కొడుక్కి కొలువు లేదు. లేకపోతే, ఒంటి రంగు కాస్త కలిసొస్తే, ఏదో ఒక దారి ఉంది. చర్చి రిజిస్టర్లు ఈ లెక్కను నమోదు చేసి పెట్టాయి. కంపెనీ చర్చిలు జననాలు, పెళ్లిళ్లు, మరణాల నకళ్లను లండన్‌కు పంపేవి. ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వంశవృక్షం వెతుక్కునేవాళ్లు వాటి మీదే పడతారు. తండ్రి పేరు, దళం, హోదా అన్నీ ఉంటాయి. తల్లి దగ్గరికి వచ్చేసరికి ‘స్థానిక స్త్రీ’ అని రెండు మాటలుంటాయి, లేదా ఖాళీ ఉంటుంది, లేదా బాప్తిస్మంలో ఇచ్చిన మేరీ, ఎలిజబెత్ వంటి పేరొకటి ఇంటిపేరు లేకుండా వేలాడుతుంటుంది. ఆ మేరీ అంతకుముందు మంగమ్మా, మెహరున్నీసానా అన్నది పోయింది.

వీలునామాల్లోనూ ఇదే జారుడు కనిపిస్తుంది. 1780లలో బెంగాల్లోని కంపెనీ ఉద్యోగుల వీలునామాల్లో మూడింట ఒకదానిలో భారతీయ సహచరి ప్రస్తావన ఉండేదని చరిత్రకారులు లెక్కకట్టారు. 1810 నాటికి అది నాలుగింట ఒకటి. 1830 నాటికి ఆరింట ఒకటి. ఆ శతాబ్దం మధ్యకు దాదాపు శూన్యం. ఇన్నేళ్లలో కాపురాలన్నీ ఆగిపోయాయా అంటే, కొన్ని ఆగిపోయాయి. ఓడల్లో ఇంగ్లిషు పెళ్లికూతుళ్లు రావడం పెరిగింది. మిగతావి కాగితం మీద మాత్రమే ఆగిపోయాయి.

కోఠీలో జరిగిన కథ

హైదరాబాదులో కోఠీ మీదుగా వెళ్లేవారందరికీ ఒకప్పటి మహిళా కళాశాల, ఇప్పటి మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలోని పెద్ద స్తంభాల భవనం తెలుసు. ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ అది. కట్టించింది జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్. 1764లో మద్రాసు కోటలో పుట్టి, 1790ల చివరి నుంచి 1805 దాకా నిజాం దర్బారులో కంపెనీ ప్రతినిధిగా ఉన్నాడు. దివాను మీర్ ఆలంకు బంధువైన ఉన్నత కుటుంబపు అమ్మాయి ఖైరున్నీసాను ఇస్లాం స్వీకరించి పెళ్లి చేసుకున్నాడు. గవర్నర్ జనరల్ వెల్లస్లీ దాని మీద విచారణలు జరిపించాడు. ఈ ప్రేమకథ చాలామందికి తెలిసిందే. పర్యాటకులకు చెప్పే గైడ్లు ఇక్కడే ఆపేస్తారు. నాకు దాని రెండో సగం మీదే దృష్టి.

ఇద్దరు పిల్లలు. 1801లో కొడుకు సాహెబ్ ఆలం, 1802లో కూతురు సాహెబ్ బేగం. నాలుగున్నరేళ్లు, మూడున్నరేళ్లు వచ్చేసరికి, 1805లో, మద్రాసు నుంచి ఇంగ్లండు వెళ్లే ఓడ ఎక్కించారు. ఇక్కడ పెరిగితే 1791 ఆజ్ఞ వాళ్ల నుదుటి మీద రాసినట్టే. అక్కడ పెరిగితే, ఆ మేని ఛాయతో, ఇంగ్లిషు పిల్లలుగా చెల్లుబాటు కావచ్చు. ఓడ బయలుదేరిన కొద్ది వారాలకే, అక్టోబరులో, తండ్రి కలకత్తాలో జబ్బుతో చనిపోయాడు. 1806 మార్చిలో లండన్ చర్చిలో ఇద్దరికీ బాప్తిస్మం జరిగింది. సాహెబ్ ఆలం విలియం జార్జ్ అయ్యాడు. సాహెబ్ బేగం క్యాథరిన్ అరోరా అయింది. ఇంట్లో అందరూ కిట్టీ అనేవారు. ఇంగ్లండుకు వచ్చినప్పుడు వాళ్లు మాట్లాడిన హైదరాబాదు భాష క్రమంగా నోట్లోంచి జారిపోయింది.

ఆశ్చర్యమేమిటంటే కిర్క్‌పాట్రిక్ తన వీలునామాలో ఖైరున్నీసాను పేరు పెట్టి, గౌరవంగానే రాశాడు. ఆ రోజుల్లో అది తక్కువ సంగతి కాదు. కాని పిల్లల గురించి రాసిన మాట మాత్రం, ఇంగ్లిషు న్యాయభాషలో, పెళ్లి బయట పుట్టిన సంతానానికి వాడేది. హైదరాబాదులో జరిగిన నిఖా ఇంగ్లండు చట్టం ముందు పెళ్లి కాదు. ఒకే కాపురం ఈ ఊళ్లో ధర్మబద్ధం, ఆ ఊళ్లో అక్రమం. ఓడ దిగగానే పిల్లల పుట్టుకే మారిపోయింది.

ఖైరున్నీసా గతి ఇంకా దారుణం. రెసిడెన్సీలోనే కిర్క్‌పాట్రిక్ కింద పనిచేసిన హెన్రీ రస్సెల్ ఆమెను చేరదీశాడు. ఆ అపవాదు మీద హైదరాబాదులో ఆమె అడుగు పెట్టకుండా ఆంక్ష పడింది. సముద్ర తీరాన మచిలీపట్నంలో, తెలిసినవారెవరూ లేని రేవు పట్టణంలో ఆమెను ఉంచి అతను మద్రాసు వెళ్లాడు. అక్కడ వేరొకామెను పెళ్లాడాడు. 1813లో, ముప్పై ఏళ్లైనా నిండకుండా, ఖైరున్నీసా తిరిగి చేరుకున్న హైదరాబాదులో చనిపోయింది. పిల్లలను ఆమె మళ్లీ చూడలేదు. రెసిడెన్సీలో ఆమె ఉన్న జెనానాను, అంటే ఆడవాళ్ల నివాసాన్ని, తరవాతి తరం దొరలు కూల్చేశారు.

అదే కాలంలో, అదే కోఠీ పరిసరాల్లో, విలియం పామర్ అనే మరో మిశ్రమ సంతానం ఉండేవాడు. తండ్రి కంపెనీ జనరల్, తల్లి ఫైజ్ బక్ష్ బేగం. నిజాం సైన్యంలో పనిచేశాడు, తరవాత బ్యాంకు పెట్టి నిజాం సర్కారుకే అప్పులిచ్చాడు. 1820లలో కంపెనీ కక్షగట్టి ఆ బ్యాంకును దివాలా తీయించింది. మనిషి మాత్రం 1867 దాకా హైదరాబాదులోనే బతికాడు. అతని తల్లి ఎవరన్నది రహస్యం కాదు. నిజాం దర్బారులో తల్లి ముసల్మాను బేగం కావడం వల్ల పోయేదేమీ లేదు గనక దాచాల్సిన అవసరమూ రాలేదు. మిశ్రమ పుట్టుక దానంతటది రహస్యం కాదు. దాని మీద ఎవరైనా సుంకం వేస్తేనే జనం దాన్ని మూటగట్టి దాస్తారు.

బీజం లెక్క, క్షేత్రం ఖాళీ

ఈ జనానికి పేరు పెట్టడంలోనూ తంటాలే. ఈస్ట్ ఇండియన్లన్నారు, యురేషియన్లన్నారు, వెనకనుంచి నానా మాటలూ అన్నారు. ‘ఆంగ్లో ఇండియన్’ అన్న మాట అసలు ఇండియాలో కాపురముండే ఇంగ్లిషువాళ్లది. 1911 జనాభా లెక్కల నాటి నుంచి దాన్ని అధికారికంగా మిశ్రమ వంశీకులకు బదలాయించారు.

1935 భారత ప్రభుత్వ చట్టం నిర్వచనం రాసింది. దాన్ని కొద్ది మార్పులతో మన రాజ్యాంగం 366వ అధికరణంలోని రెండో క్లాజులో పెట్టుకుంది. తండ్రి గాని, తండ్రి వైపు మగ పూర్వీకుల్లో మరెవరైనా గాని యూరోపియన్ వంశీకుడై ఉండాలి. మనిషి భారతదేశంలో స్థిరపడి, ఇక్కడే స్థిరంగా ఉంటున్న తల్లిదండ్రులకు పుట్టి ఉండాలి. అంతే. మళ్లీ ఒకసారి చదవండి. మిశ్రమం అన్న మాటే అందులో లేదు. తల్లి ఎవరన్న ప్రశ్న లేదు. అక్షరాలా చూస్తే, ఇక్కడే తరతరాలుగా ఉండిపోయిన పూర్తి యూరోపియన్ కూడా దీని కింద ఆంగ్లో ఇండియనే. ఇక ఆంగ్లో ఇండియన్ స్త్రీ ఒక తెలుగువాణ్ని పెళ్లాడితే వాళ్ల పిల్లలు కారు. ఆంగ్లో ఇండియన్ పురుషుడు తెలుగమ్మాయిని పెళ్లాడితే వాళ్ల పిల్లలు అవుతారు. రక్తపు పాళ్లు రెండు చోట్లా ఒకటే.

మన ధర్మశాస్త్రాల్లో బీజం గొప్పదా, క్షేత్రం గొప్పదా అని పెద్ద చర్చ ఉంది. విత్తును బట్టి పంట అని ఒకరు, పొలం ఎవరిదో పంట వారిది అని మరొకరు. ఈ క్లాజు రాసినవాళ్లు మనుస్మృతి చూసి రాయలేదు గాని, బీజం పక్షాన తీర్పు చెప్పేశారు. ఒక జనమంతటినీ వాళ్ల మూలంలో ఉన్న స్త్రీలను తలచుకోకుండానే నిర్వచించారు.

నిర్వచనం ఉత్త కాగితం కాదు. రైల్వే, తంతి, కస్టమ్స్ కొలువులు ఈ జనానికి కేటాయింపుగా ఉండేవి. సికిందరాబాదు లాలాగూడ, కాజీపేట, గుంతకల్లు రైల్వే కాలనీలు అలా పెరిగినవే. యూరోపియన్‌కు ఒక జీతం, ఆంగ్లో ఇండియన్‌కు ఒకటి, భారతీయుడికి ఇంకొకటి. ఆ మెట్ల మీద ఎవరైనా కిందికి చూస్తారా, పైకి చూస్తారా? కాస్త తెల్లగా ఉన్నవాడు యూరోపియన్‌నని రాయించుకునేవాడు. జనాభా లెక్కల అధికారులు ఈ సంగతి మీద తమ నివేదికల్లో పదే పదే వాపోయారు. ఒకే కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకడు పై మెట్టెక్కితే, రెండోవాడితో ఫొటో దిగడం మానేయాల్సి వచ్చేది. నల్లటి అమ్మమ్మ ఫొటో గోడ మీది నుంచి ట్రంకుపెట్టె అడుక్కి చేరేది. అడిగితే ‘స్పానిష్’ అనో, ‘పోర్చుగీసు’ అనో చెప్పేవారు. నలుపుకు యూరప్‌లోనే ఒక చిరునామా వెతికిపెట్టే జవాబులవి.

1947లో ఈ దాపరికానికి వింత పరీక్ష వచ్చింది. ఇంగ్లండుకో, ఆస్ట్రేలియాకో వెళ్లిపోవాలనుకున్న కుటుంబాలు ఇప్పుడు పూర్వీకులను నిరూపించుకోవాలి. తెల్లజాతికే చోటన్న విధానం ఆస్ట్రేలియాలో 1973 దాకా నడిచింది. మిశ్రమ వంశీకులైతే ముప్పాతిక వంతు యూరోపియన్ రక్తం ఉండాలని, చూడటానికీ అలాగే ఉండాలని అధికారులు చూసేవారు. 1947 ఆగస్టులో మనూరా అనే నౌక సుమారు ఏడు వందల మందిని ఇండియా నుంచి తెచ్చి ఫ్రీమాంటిల్‌లో దించితే, వాళ్లలో చాలామంది తాము అనుకున్నంత తెల్లగా లేరని అక్కడి అధికారులు కంగారుపడ్డారు. ముప్పాతిక వంతు అన్నది ఎలా కొలుస్తారు? కొలవలేరు. కాబట్టి కాగితాలు అడిగారు, మొహం చూశారు. ముత్తాత బ్రిటిషువాడని రుజువు చేసే రిజిస్టరు నకలు కోసం రాసినవాళ్లకు, అదే నకల్లో ముత్తవ్వ ‘స్థానిక స్త్రీ’ అని కూడా రాసి వచ్చేది.

ఇక్కడ మిగిలినవారి సంఖ్య మరో చిక్కు. లోక్‌సభలో ఇద్దరినీ, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా పలు శాసనసభల్లో ఒక్కొక్కరినీ నామినేట్ చేసే పద్ధతి 2020 జనవరిలో 104వ సవరణతో ముగిసింది. ఆ చర్చలో కేంద్రం చెప్పిన లెక్క, 2011 గణన ప్రకారం దేశమంతటా 296 మంది ఆంగ్లో ఇండియన్లు. ఆ సమాజం నాయకులు ఆ అంకెను తీవ్రంగా తోసిపుచ్చారు. ఒక్క సికిందరాబాదు చర్చిలో పండగ పూట కూర్చుని లెక్కపెట్టినా ఆ అంకె మీద అనుమానం కలుగుతుందని నా అభిప్రాయం.

ఉమ్మి గొట్టంలో ముత్తవ్వ

కాగితం దాచిన తల్లి ఇప్పుడు డీఎన్ఏ పరీక్షల్లో బయటపడుతోంది. ఇందులో రెండు రకాల పరీక్షలను కలగలిపి మాట్లాడుతుంటారు కాబట్టి విడదీయాలి.

ఒకటి మైటోకాండ్రియా డీఎన్ఏ. కణంలో శక్తిని తయారు చేసే భాగాల్లో ఉండే ఈ చిన్న డీఎన్ఏ తల్లి నుంచి మాత్రమే వస్తుంది. కొడుక్కీ కూతురికీ ఇద్దరికీ అందుతుంది గాని, ముందుకు పంపగలిగేది కూతురే. అంటే ఇది అమ్మ, అమ్మమ్మ, అమ్మమ్మ అమ్మ అంటూ ఒకే దారంలా వెనక్కి పోతుంది. 2013లో బ్రిటన్ యువరాజు విలియం గురించి వచ్చిన వార్త దీని ఆధారంగానే. అతని తల్లి డయానా వైపు ఏడు తరాల వెనక ఎలైజా కెవార్క్ అనే స్త్రీ ఉంది. సూరత్‌లో థియోడర్ ఫోర్బ్స్ అనే స్కాట్లండు వర్తకుడి ఇంట్లో ఉండేది. వాళ్ల కూతురు క్యాథరిన్‌ను చిన్నప్పుడే స్కాట్లండుకు పంపేశారు. ఎలైజా సూరత్‌లో ఉండిపోయింది. ఆమె ఆర్మీనియన్ అని ఆ కుటుంబం చెప్పుకుంటూ వచ్చింది. ఆ స్త్రీల వరసలోనే ఉన్న దూరపు బంధువులను పరీక్షిస్తే ఆర్30బీ అనే రకం తేలింది. అది దక్షిణాసియాలో తప్ప మరెక్కడా దాదాపు కనిపించనిది.

అయితే కుటుంబం అబద్ధమాడిందని తేల్చేయడం తొందరపాటు. ఆర్మీనియన్ లిపిలో ఎలైజా చేసిన సంతకాలున్నాయి. తండ్రి వైపు ఆర్మీనియన్, తల్లి వైపు భారతీయురాలు అయి ఉండవచ్చు. మైటోకాండ్రియా ఒక్క దారాన్నే చూపిస్తుంది, చుట్టూ ఉన్న చీరనంతా కాదు. ఆ కుటుంబం పైకి చెప్పడానికి తేలికైన సగాన్ని ఎంచుకుని, మిగతా సగాన్ని మాట్లాడకుండా వదిలేసినట్టుంది. చాలా కుటుంబ రహస్యాలు చివరికి ఇలాంటివే. ఎవరూ పచ్చి అబద్ధం ఆడరు. ఒక మాట చెప్పడం మానేస్తారు, రెండు తరాలు గడిచేసరికి ఆ మాటే ఉండదు.

రెండో రకం, ఇళ్లకు వచ్చే గొట్టంలో ఉమ్మి నింపి పంపే పరీక్ష. ఇందులో డీఎన్ఏ అంతటినీ చూసి శాతాలు ఇస్తారు. తల్లి నుంచి సగం, అమ్మమ్మ నుంచి సుమారు పాతిక శాతం, అమ్మమ్మ తల్లి నుంచి ఎనిమిదో వంతు. ఇలా ఏడు తరాలు వెనక్కి వెళితే నూట ఇరవై ఎనిమిదో వంతు. అంటే నూటికి ఒక పాలు కూడా లేదు. పైగా పంపకం ప్రతి తరంలో ఎగుడుదిగుడుగా జరుగుతుంది. ఆ కాస్త కూడా ఒక అన్నకు వచ్చి చెల్లెలికి రాకపోవచ్చు. ‘దక్షిణాసియా సున్నా’ అని వచ్చినంత మాత్రాన సూరత్‌లోనో హైదరాబాదులోనో ముత్తవ్వ లేదని కాదు. ఈ శాతాలు కూడా ఆ సంస్థ దగ్గరున్న నమూనాలతో పోల్చి వేసిన అంచనాలు. నమూనాలు మారితే నిరుడు వచ్చిన శాతం ఈ ఏడు మారుతుంది. ఒక అంకె చూసి ఇంట్లో పెద్దవాళ్ల మీద విరుచుకుపడే ముందు ఈ సంగతి తెలిసి ఉండాలి.

చట్టం తండ్రి వరసను మాత్రమే చూసింది. మైటోకాండ్రియా తల్లి వరసను మాత్రమే చూస్తుంది. ఒకటి చెరిపిన గీతనే రెండోది పట్టుకుంది.

ఇదంతా దొరల గొడవ, మనకెందుకు అనుకునే తెలుగు పాఠకుడికి ఒక చిన్న పని. మీ అమ్మమ్మ వాళ్లమ్మ పేరు చెప్పండి. ఇంటిపేరుతో సహా. నేను ప్రయత్నించి ఓడిపోయాను. తద్దినం పెట్టేటప్పుడు తండ్రి వైపు మూడు తరాలు చెబుతాం, వాళ్ల భార్యలనూ తలుస్తాం. తల్లి వైపూ మూడు తరాలు చెబుతాం. కాని అవి మాతామహుడు, ఆయన తండ్రి, ఆయన తాత. వాళ్లతో పాటు వాళ్ల భార్యలు. అమ్మమ్మ ఉంది, మాతామహుడి భార్యగా. అమ్మమ్మను కన్న తల్లి ఆ పట్టికలో ఏ మూలా లేదు. మన ఒంట్లోని దాదాపు ప్రతి కణంలో ఎవరి గుర్తు ఉందో సరిగ్గా ఆవిడే లేదు. ఎవరూ దాచలేదు. అడగలేదు, అంతే.

కిట్టీకి తిరిగి వద్దాం. ఇంగ్లండులో ఆమె అందగత్తెగా పేరు తెచ్చుకుంది. రచయిత థామస్ కార్లైల్ యువకుడిగా ఆమెకు పరిచయస్తుడు. 1829లో ఒక సైనికాధికారిని పెళ్లాడింది, పిల్లలను కన్నది. అన్న విలియం అంతకు ఏడాది ముందే పోయాడు. 1841 ప్రాంతంలో ఆమె స్వాలోఫీల్డ్ అనే ఊళ్లో ఒక పెద్ద ఇంటికి వెళ్లింది. అది హెన్రీ రస్సెల్ ఇల్లు. తన తల్లిని మచిలీపట్నంలో వదిలేసిన మనిషి ఇల్లు. అక్కడ గోడ మీద ఒక పెద్ద చిత్రం వేలాడుతోంది. ఓడ ఎక్కే ముందు మద్రాసులో చిత్రకారుడు జార్జ్ చినరీ గీసినది. హైదరాబాదు జరీ దుస్తుల్లో మెట్ల మీద నిలబడ్డ ఇద్దరు పిల్లలు. హైదరాబాదులో తల్లి చూసుకోవడానికని గీయించిన బొమ్మ అది. కిట్టీ దాన్ని చూసి బావురుమంది.

హైదరాబాదులో అమ్మమ్మ షరఫున్నీసా ఇంకా బతికే ఉందని అప్పుడే తెలిసింది. ఉత్తరాలు మొదలయ్యాయి. అమ్మమ్మ ఫారసీలో చెప్పి రాయించేది, ఎవరో ఇంగ్లిషులోకి తర్జుమా చేసేవారు. మనవరాలు ఇంగ్లిషులో రాసేది. అమ్మ దగ్గర నుంచి విడిపోతున్న రోజు, అమ్మ జుట్టు పీక్కుంటూ ఏడ్వడం తనకు గుర్తుందని కిట్టీ రాసింది. కలలో అమ్మ దొరుకుతుందని, తీరా మాట్లాడబోతే తన ఇంగ్లిషు అమ్మకు అర్థం కాదని కూడా రాసింది. ఖైరున్నీసా తల వెంట్రుకల పాయ ఒకటి అమ్మమ్మ పంపింది. ఆరేళ్లు ఉత్తరాలు నడిచాయి. 1847లో షరఫున్నీసా చనిపోయింది. వాళ్లిద్దరూ కలుసుకోలేదు. కిట్టీ 1889 దాకా బతికింది.